కాలువ ఊరిది, కూలి బాకీ ఎవరిది?

(పండుగ సెలవులకు ఇళ్లకు వచ్చిన మిల్లు కార్మికులతో దిగపహండిలో జరిగిన సమావేశంలో మన సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం. రాలేకపోయిన కార్మికుల కోసం పూర్తి పాఠం ఇస్తున్నాం.)



ఈ సమావేశానికి కబురు పంపినప్పుడు ఒక తమ్ముడు మమ్మల్ని దారిలో ఆపి అడిగాడు: "అన్నా, మనం నూలు మనుషులం. బోనసు సంగతి చెబుతారనుకుంటే కాలువలు, టెండర్లు అంటున్నారేమిటి?" న్యాయమైన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పి అసలు విషయంలోకి వెళతాం.

మీ మీ ఇళ్లు ఒకసారి తలుచుకోండి. అన్న సూరత్‌లో మగ్గాల మీద ఉంటాడు. తమ్ముడు ఇక్కడే తాపీ పనికి పోతాడు. వదిన కాలువ పనిలో కంకర మోస్తుంది. చెల్లెలు ఏదో ఆఫీసు ఊడుస్తుంది, జీతం మాత్రం ఏజెన్సీ ఇస్తుంది. మిల్లు కూలీ, ఊరి పని కూలీ కలిస్తేనే ఆ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలుగుతుంది. ఇక్కడ కూలి ఎగ్గొడితే సూరత్ నుంచి వచ్చే మనియార్డరు డబ్బు అప్పులకే పోతుంది. ఇప్పుడు ఫోనులో పంపుతున్నారు, అయినా మా నోటికి మనియార్డరే అలవాటు.

ఇంకో కారణం ఉంది. మేము మిల్లులో చేరిన రోజుల్లో గేటు లోపల ఉన్నవాళ్లంతా మిల్లు మనుషులే. ముందు క్యాంటీను కాంట్రాక్టుకు పోయింది. టీ రుచి మారిందని గొణిగాం తప్ప పట్టించుకోలేదు. తరువాత ఊడ్చే పని పోయింది. తరువాత బేళ్ల మోత పోయింది. ఒకరోజు రింగు ఫ్రేముల దగ్గర డాఫింగు పనిలో కొత్త ముఖాలు కనిపించాయి. మిల్లు మస్టరులో వాళ్ల పేర్లు లేవు. అప్పుడు మేలుకున్నాం, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. మిల్లులో క్యాంటీనుతో మొదలైన పద్ధతే ఊళ్లో కాలువతో మొదలవుతుంది. కాలువ దగ్గర దాన్ని అర్థం చేసుకుంటే మిల్లు గేటు దగ్గర ఆపడం తెలుస్తుంది. అందుకే ఈ మాట ఎత్తాం.

దిగపహండి లాంటి చిన్న పట్టణంలో పని ఎలా పుడుతుందో చూద్దాం. ఒడిశాలో చిన్న పట్టణాలను నడిపేది నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్, మనం ఎన్.ఏ.సి. అంటాం. ఒక వార్డులో కాలువ కావాలి. జూనియర్ ఇంజనీరు వచ్చి టేపు పెట్టి కొలుస్తాడు, ఎస్టిమేటు వేస్తాడు. ఎస్టిమేటు అంటే ఇంజనీరు ఊహించి రాసే అంకె కాదు. ప్రభుత్వం అచ్చు వేసిన రేట్ల పుస్తకం ఉంటుంది. ఒక ఘనపు మీటరు కాంక్రీటుకు ఎంత సిమెంటు, ఎంత ఇసుక, ఎంత కంకర, మేస్త్రీ ఎన్ని పూటలు, కూలీలు ఎన్ని పూటలు అని లెక్క కట్టి ఉంటుంది. దానిపైన గుత్తేదారు పైఖర్చులకు, లాభానికి కొంత శాతం కలుపుతారు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి నూటికి ఒక రూపాయి సెస్సు వేస్తారు.

ఇక్కడ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. మన కూలి ఆ ఎస్టిమేటులోనే ఉంది. కాలువ తవ్వకముందే మన కూలికి ఊరి ఖజానాలో డబ్బు లెక్కకట్టి పెట్టారు. గుత్తేదారు తన జేబులోంచి తీసి మనకు దానం చేయడం లేదు. మనకు చేరాల్సిన డబ్బు అతని చేతుల మీదుగా వస్తోంది, అంతే.

తరువాత టెండరు పిలుస్తారు. ఇప్పుడు కంప్యూటరులో వేస్తారు. ఎస్టిమేటు మీద ఎంత తక్కువకు చేస్తావు, ఎంత ఎక్కువకు చేస్తావు అని శాతంలో రాయాలి. అందరికంటే తక్కువ రాసినవాడికి పని వస్తుంది. వినడానికి బాగానే ఉంది, ఊరి డబ్బు ఆదా అయినట్టే ఉంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఫలానా పనిది కాదు, అర్థం కావడానికి వేస్తున్న లెక్క.

ఎస్టిమేటు 10 లక్షలు. అందులో సామాను 6 లక్షలు, కూలి రెండున్నర లక్షలు, పైఖర్చులూ లాభమూ కలిపి లక్షన్నర. గుత్తేదారు 15 శాతం తక్కువకు రాశాడు. అంటే ఎనిమిదిన్నర లక్షలకే ఒప్పుకున్నాడు. పని మొదలు కాకముందే అతని పైఖర్చులూ లాభమూ పోయాయి. మరి అతనేమైనా ధర్మసత్రం నడుపుతున్నాడా? సిమెంటు బస్తా ధర అతని కోసం తగ్గదు. లారీవాడు డీజిలు తగ్గించడు. బిల్లు నాలుగు నెలలు ఆగితే వడ్డీ ఆగదు. రసీదు లేని ఖర్చులు ఉంటే అవీ ఆగవు. తగ్గించడానికి మిగిలినవి రెండే. ఒకటి, కాంక్రీటులో పడాల్సిన సిమెంటు. రెండు, మనిషికి ఇవ్వాల్సిన కూలి. మొదటిది తగ్గిస్తే కాలువ రెండో వానకే పగులుతుంది. రెండోది తగ్గిస్తే పగిలేది కూలివాడి కొంప. ఆ పగులు ఏ ఇంజనీరు టేపుకూ అందదు.

పైగా టెండరు దక్కించుకున్నవాడే పని చేయించాలని ఎక్కడుంది? లైసెన్సు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది, పని చేయించేది మూడో మనిషి. అతని కింద మేస్త్రీ, మేస్త్రీ కింద మనం. ఒక్కొక్క మెట్టు దిగేకొద్దీ కొంత కొంత తరుగుతుంది. మగ్గం మీద పోగులు తెగితే ఎక్కడ తెగిందో మనకు కనిపిస్తుంది. ఇక్కడ ఎక్కడ తెగిందో తెలియదు.

ఒక సంగతి చెబుతాం. ఊరి పేరు చెప్పం. మన పట్టణం మాత్రం కాదు. కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో 14 మంది కాలువ పని చేశారు, ఎక్కువమంది ఆడవాళ్లు. 21 రోజులు పని అయింది. 9 రోజుల కూలి ముట్టింది, 12 రోజులది ఆగిపోయింది. మేస్త్రీని అడిగితే చిన్న గుత్తేదారు ఇవ్వలేదన్నాడు. చిన్న గుత్తేదారును అడిగితే లైసెన్సు ఉన్నాయన ఇవ్వలేదన్నాడు. ఆయన్ని అడిగితే ఆఫీసులో బిల్లు కాలేదన్నాడు. ఆఫీసుకు పోతే, "మీరెవరో మాకు తెలియదు, మీ కాంట్రాక్టరును అడగండి" అన్నారు. నాలుగు గుమ్మాలు తిరిగి మళ్లీ మేస్త్రీ గుమ్మానికే వచ్చారు. వాళ్లలో ఒకామె అన్న మిల్లు కార్మికుడు. అతని ద్వారా మా దగ్గరికి వచ్చారు.

మేము మొదట అడిగింది ఒక్కటే: "మీ దగ్గర కాగితం ఏముంది?" ఉంది. వాళ్లలో పదో తరగతి చదివిన కుర్రాడు ఒకడు బడి నోటుపుస్తకంలో పేర్లు రాసి రోజుకో గీత గీశాడు. ఆ గీతలే మమ్మల్ని నిలబెట్టాయి.

తరువాత సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాం. 2005లో వచ్చిన ఆ చట్టంతో ఎస్టిమేటు నకలు, అగ్రిమెంటు నకలు, కొలతల పుస్తకం నకలు అడగవచ్చు. కాగితాలే కాదు, జరిగిన పనిని వెళ్లి చూసే హక్కు, వాడిన సామాను నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలో ఉన్నాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కొలతల పుస్తకాన్ని ఆఫీసులో ఎం.బి. అంటారు. ఎన్ని మీటర్ల కాలువ అయింది, ఎంత లోతు, ఎంత మందం అని ఇంజనీరు అందులో రాస్తాడు. ఆ పుస్తకంలో ఎక్కనిదే బిల్లు లేదు. నకలు చేతికొచ్చాక చూస్తే, పని కొలిచి రాశారు, సగం పైగా బిల్లు చెల్లించారు కూడా. "బిల్లు కాలేదు" అన్న మాట అబద్ధమని ఆఫీసు పుస్తకమే చెప్పింది. ఇంకా ఆఖరి బిల్లు, గుత్తేదారు కట్టిన డిపాజిట్టు ఆఫీసు దగ్గరే ఉన్నాయి. మేము వెంటనే రాతపూర్వకంగా ఇచ్చాం: కూలి బాకీ తీరేదాకా ఆ డబ్బు విడుదల చేయవద్దు, చేస్తే ఆ బాకీకి బాధ్యత మీదే అని. ఒక నకలు లేబరు ఆఫీసుకు పంపాం. నెల తిరగకముందే గుత్తేదారు మనిషి కూలీల గుమ్మానికి వచ్చాడు. డబ్బు వచ్చింది. అందరికీ రాలేదు. ఆ సంగతి చివర చెబుతాం.

ఇంతవరకు కట్టడం పని చెప్పాం. రెండోది సేవల పని. ఊడ్చడం, చెత్త ఎత్తడం, వీధి దీపాలు, నీళ్ల పంపు, ఆఫీసు కాపలా. ఈ పనులు ఏడాది పొడుగునా ఉంటాయి. కాలువ కట్టడం ఒకసారితో అయిపోతుంది, ఊడ్చడం ఏనాడూ అయిపోదు. అయినా దీన్ని కూడా టెండరు పెట్టి ఏజెన్సీలకు ఇస్తారు. ఇక్కడ పోటీ అంతా సర్వీసు చార్జీ మీద. తక్కువ చార్జీ అడిగినవాడికే పని.

మళ్లీ ఒక లెక్క. 20 మంది, రోజుకు 500 రూపాయలు, నెలకు 26 రోజులు. జీతాలు 2,60,000. యజమాని వాటా పి.ఎఫ్. 13 శాతం, 33,800. ఇ.ఎస్.ఐ. 3.25 శాతం, 8,450. ఏజెన్సీ ఒక శాతం చార్జీకి ఒప్పుకుంటే దానికి వచ్చేది 2,600. బిల్లు రెండు నెలలు ఆగితే ఆరు లక్షలు చేతి నుంచి పెట్టాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ వేసుకున్నా నెలకు 12,000. నెలకు 2,600 సంపాదనకు 12,000 వడ్డీ కట్టేవాడు లోకంలో ఎవడైనా ఉన్నాడా? మరి ఆ ఏజెన్సీ ఎలా బతుకుతోంది? 20 మందిలో 12 మందికే పి.ఎఫ్. కడుతుంది. 500కు సంతకం పెట్టించుకుని 400 ఇస్తుంది, అక్కడే నెలకు 52,000 మిగులుతుంది. యూనిఫారం అని కోస్తుంది. ఉద్యోగం ఇవ్వడానికి ముందే డిపాజిట్టు అంటుంది. టెండరు తెరిచిన రోజే ఆ ఒక శాతం అంకె చూసి ఆఫీసు అడగాల్సిన ప్రశ్న ఇది. అడగకపోతే దోపిడీకి గొడుగు పట్టినట్టే.

మేము గుత్తేదారులందరినీ దొంగలనడం లేదు. చిన్న గుత్తేదారుల్లో నిన్నటి మేస్త్రీలు ఉన్నారు. భార్య నగలు కుదువపెట్టి పని చేసి, బిల్లు కోసం ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్నవాళ్లు మాకు తెలుసు. ప్రతి కాలువకూ ఊరి ఆఫీసు మనుషుల్ని పర్మినెంటుగా పెట్టుకోవాలనీ మేము అనడం లేదు. పని కాంట్రాక్టుకు ఇవ్వవచ్చు. బాధ్యతను కాంట్రాక్టుకు ఇవ్వకూడదు. ఈ రోజు మేము చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటే.

ఈ మాట మేము కొత్తగా కనిపెట్టింది కాదు. ఇక్కడికి దగ్గరలోని బరంపురంలో 1894లో పుట్టిన తెలుగు బిడ్డ వి.వి. గిరి రైల్వే కార్మికుల మధ్య పని చేసి పెద్దవాడయ్యారు. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినందుకు 1954లో పదవి వదులుకున్నారు. ఆయన రాష్ట్రపతిగా ఉండగా 1970 సెప్టెంబరు 5న కాంట్రాక్టు కార్మికుల చట్టానికి ఆమోదముద్ర పడింది. ఆ చట్టం ఏమంది? కాంట్రాక్టరు కూలి పంచేటప్పుడు అసలు యజమాని మనిషి దగ్గరుండి చూడాలంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించి, అతని దగ్గర వసూలు చేసుకోవాలంది. మంచి మాట. కాని 20 మందికి తక్కువ ఉంటే వర్తించదంది. దానితో 19 మంది దగ్గర మస్టరు ఆపేయడం నేర్చుకున్నారు.

కోర్టుల్లోనూ ఎత్తుపల్లాలు చూశాం. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించిన చోట ఆ కార్మికులు అసలు యజమాని కార్మికులే అవుతారని సుప్రీంకోర్టు 1996లో ఎయిర్ ఇండియా కేసులో చెప్పింది. 2001 ఆగస్టులో స్టీలు అథారిటీ కేసులో అదే కోర్టు ఆ మాట వెనక్కి తీసుకుంది.

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం పోయి కొత్త లేబరు కోడ్‌లు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలకు ఇప్పుడు గీత 50 మంది దగ్గర గీశారు. చిన్న పట్టణంలో 50 మందితో నడిచే కాలువ పని ఎక్కడుంది? అయితే చేతులు ముడుచుకోవాల్సిన పని లేదు. వేతనాల కోడ్‌కు ఆ గీత లేదు, ఒక్క మనిషి పని చేసినా వర్తిస్తుంది. యజమాని చెల్లించకపోతే ఆ సంస్థ ఎవరిదో వాళ్లు బాధ్యులని దాని 43వ సెక్షన్ అంటోంది. "ఈ కాలువ ఎవరిది? ఊరిది. అయితే బాకీ కూడా ఊరిదే" అని మనం వాదించడానికి అక్కడ చోటుంది. కూలి బాకీకి దావా వేసే గడువు పాత కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలే ఉండేది, ఇప్పుడు మూడేళ్లు. నష్టం ఎక్కడో, లాభం ఎక్కడో రెండూ తెలుసుకుని ఉండాలి.

మధ్యలో మనిషి లేకుండా పని జరగదా అంటే, జరిగింది. మన ఒడిశాలోనే, 2020లో కరోనా రోజుల్లో, పట్టణాల్లో చిన్న చిన్న పనులను మహిళా సంఘాలకు, బస్తీ సంఘాలకు అప్పగించి కూలి నేరుగా బ్యాంకులో వేశారు. తరువాత దానికే ముక్తా అని పేరు పెట్టారు. కాలువలు, చెరువు గట్లు, కాలిబాటలు ఆ పద్ధతిలో అయ్యాయి. గుత్తేదారు లేకపోతే ఆకాశం విరిగిపడలేదు.

ఆంధ్రలో చూడండి. 2015 చివర 279 నంబరు జీవో తెచ్చి మునిసిపాలిటీల పారిశుధ్య పనిని గంపగుత్తగా కాంట్రాక్టర్లకు ఇవ్వబోతే కార్మికులు ఏళ్ల తరబడి పోరాడారు. 2020 జూలైలో ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థను పెట్టి, దాని ద్వారా జీతాలిచ్చే ఏర్పాటు చేశారు. మధ్య దళారీ కమీషను పోయింది. కాని పర్మినెంటు కాలేదు. అందుకే 2023 డిసెంబరులో మళ్లీ సమ్మెకు దిగి 16 రోజులు నిలబడ్డారు. సగం గెలుపుతో ఇంటికి పోకూడదని వాళ్లు మనకు నేర్పారు.

ఇప్పుడు మనం చేయాల్సిన పని. మాటలు విని చప్పట్లు కొట్టి పోతే లాభం లేదు.

ఒకటి. పనికి పోయే ప్రతి జట్టులో ఒక నోటుపుస్తకం ఉండాలి. తేదీ, పేరు, పూట, ఒప్పుకున్న కూలి, ముట్టిన కూలి. ప్రతి శనివారం మేస్త్రీ చేత సంతకం పెట్టించండి. పెట్టకపోతే "పెట్టలేదు" అని రాయండి.

రెండు. పని జరిగే చోట బోర్డు ఉందా చూడండి. పని పేరు, అంచనా, గుత్తేదారు పేరు ఉండాలని అడగండి. బోర్డు లేకపోతే వార్డు కౌన్సిలరు దగ్గరికి పది మంది కలిసి వెళ్లండి. 2022 మార్చిలో ఒడిశా పట్టణాల్లో ఛైర్మన్లను కూడా మనమే నేరుగా ఓటు వేసి ఎన్నుకున్నాం. ఓటు అడిగినవాళ్లను లెక్క అడగడం తప్పు కాదు.

మూడు. భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు నమోదు చేయించండి. వయసు 18 నుంచి 60 లోపు, గడిచిన ఏడాదిలో 90 రోజుల పని ఉంటే చాలు. ప్రతి బిల్లులోంచి నూటికి రూపాయి మీ పేరు మీదే కోస్తున్నారు. పేరు లేకపోతే ఆ రూపాయి మీది కాకుండా పోతుంది.

నాలుగు. ఏజెన్సీలో పని చేసేవాళ్లు పి.ఎఫ్. ఖాతా నంబరు అడిగి తీసుకోండి. ఫోనులో నెలనెలా డబ్బు పడుతోందో లేదో చూసుకోండి. చూడటం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లను అడగండి, సిగ్గుపడకండి.

అయిదు. మిల్లులో మీ పక్కన నిలబడే కాంట్రాక్టు కుర్రాణ్ణి "వాడు మనవాడు కాదు" అనకండి. అతని కూలి తగ్గిన రోజే మీ కూలికి బేరం మొదలవుతుంది.

చివరికి, ఆ 14 మంది సంగతి. 13 మందికి బాకీ ముట్టింది. ఒక పెద్దావిడకు ముట్టలేదు. కూతురికి జ్వరం వస్తే ఆమె బదులు తల్లి ఎనిమిది రోజులు పనికి వెళ్లింది. కుర్రాడు కూతురు పేరు పక్కన గీత ఆపేశాడు, తల్లి పేరు రాయడం మరిచాడు. ఆ రోజుల్లో ఆ పేరుతో ఎవరూ రాలేదని మేస్త్రీ అన్నాడు. పుస్తకమూ అదే అంది. ఆ పెద్దావిడ మా ముందు రెండు చేతులూ చాపింది. సిమెంటు తిన్న వేళ్లు, చీలిన గోళ్లు. "బాబూ, ఇది రాత కాదా?" అంది. మా దగ్గర జవాబు లేకపోయింది. మేము కూడా పుస్తకంలో ఉన్న పేర్లకే పట్టుబట్టాం, ఆవిడ కోసం ఇంకో నెల ఆగి గట్టిగా నిలబడలేదు. అది మా తప్పు. సంఘం తరఫున ఒప్పుకుంటున్నాం.

ఆ చేతులను రాతగా చదివే ఆఫీసు ఇంకా పుట్టలేదు. పుట్టేదాకా నోటుపుస్తకం మనం రాయాలి, పేర్లన్నీ రాయాలి, బదులు వచ్చినవాళ్ల పేర్లు కూడా రాయాలి. బదిలీ పనిచేసి మిల్లులో పైకొచ్చిన మనకు ఆ మాట ఇంకొకరు చెప్పాలా?

 బయట బల్ల మీద కొన్ని నోటుపుస్తకాలు పెట్టాం. సూరత్ రైలు ఎక్కేముందు తలా ఒకటి మీ ఇంట్లో ఇచ్చి వెళ్లండి.